ముందు స్ట్రక్చర్ సంగతి తేల్చండి

పుదుచ్చేరిలో ఇంటి మీద సోలార్ పెట్టించుకోవాలనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ప్యానెల్ ఏ కంపెనీది? ఎన్ని వాట్లు? ఇన్వర్టర్ ఎవరిది? సబ్సిడీ ఎప్పుడు పడుతుంది? వీటికి జవాబు రాగానే బేరం మొదలవుతుంది. ఆ ప్యానెళ్లను పాతికేళ్లు మోయాల్సిన ఇనుము గురించి మాత్రం ఎవరూ నోరెత్తరు. కొటేషన్‌లోనూ దానికి దక్కేది ఒకే ఒక్క వరుస: ‘మౌంటింగ్ స్ట్రక్చర్, జీఐ, 1 సెట్’. ప్యానెల్‌కు వారంటీ కాగితం ఉంటుంది. ఇన్వర్టర్‌కు సీరియల్ నంబరు ఉంటుంది. స్ట్రక్చర్‌కు పేరూ ఊరూ ఉండవు. అందుకే ఇంకో ఐదు వేలు తగ్గించమని మీరు పట్టుబట్టినప్పుడు వెండర్ కోత పెట్టేది అక్కడే.

సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో ఈ పొదుపు ఎదురు తిరుగుతుంది. ఒక ప్యానెల్ పాడైతే ఆ ఒక్కటి మార్చుకోవచ్చు, ఇన్వర్టర్ పోతే గోడ మీంచి దించి ఇంకోటి తగిలించొచ్చు. స్ట్రక్చర్ పాడైతే మాత్రం ప్యానెళ్లన్నీ దించాలి, వైర్లు విప్పాలి, డాబా మీద కొత్త బెజ్జాలు వేయాలి. అంటే పని మళ్లీ మొదటి నుంచి. తుపానులో ఊడి ఎగిరితే పక్కింటివాళ్ల ప్రాణాల మీదికి కూడా వస్తుంది.

ఈ అధ్యాయం చదివినంత మాత్రాన మీరు లెక్కలు కట్టనక్కర్లేదు. ఏం అడగాలో, ఏ జవాబు దగ్గర ఆగిపోవాలో తెలిస్తే చాలు. మనకు అడ్డొచ్చేది ఎక్కువగా మొహమాటమే. ‘ఆయన రోజూ చేసే పని, మనమేం అడుగుతాం’ అని ఊరుకుంటాం. చీర కొనేటప్పుడు అంచు తిరగేసి చూసేవాళ్లమే, లక్షలు పోసే చోట పెద్దమనిషి తరహా పాటిస్తాం. ఇక్కడ ఆ పెద్దరికం పక్కన పెట్టండి.

గాలి లెక్క

ఈ ఊరికి తుపాన్లు కొత్త కాదు. 2011 డిసెంబరు 30 తెల్లవారుజామున థానే తుపాను కడలూరుకూ పుదుచ్చేరికీ మధ్య తీరం దాటినప్పుడు గాలి గంటకు 140 కిలోమీటర్ల దాకా వీచింది. 2020 నవంబరు 25 రాత్రి నివర్ కాస్త ఉత్తరంగా, మరక్కాణం దగ్గర తీరం దాటింది. 2024 నవంబరు 30న వచ్చిన ఫెంగల్ గాలి అంత తీవ్రం కాదు కానీ, ఒక్క రోజులో 48 సెంటీమీటర్ల దాకా వాన కురిపించి వీధుల్ని చెరువులు చేసింది.

కట్టడాల మీద గాలి ఒత్తిడిని లెక్కగట్టే భారతీయ ప్రమాణం ఐఎస్ 875, మూడో భాగం. అందులో పుదుచ్చేరికి ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. మన విశాఖపట్నానికి, విజయవాడకు, నెల్లూరుకు ఇచ్చిందీ అంతే. హైదరాబాదుకు మాత్రం 44. తేడా ఆరే కదా అనిపిస్తుంది. కానీ గాలి బలం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 44కు తగ్గట్టు చేసిన స్టాండు 50 దగ్గర దాదాపు 30 శాతం ఎక్కువ బలాన్ని తట్టుకోవాలి. కాబట్టి హైదరాబాదులో ఉన్న బావగారు ‘మా వెండర్ చాలా చవకగా చేశాడు, వాడి డిజైనే పంపిస్తాను’ అంటే, థాంక్స్ చెప్పి ఊరుకోండి.

అసలు గాలి ప్యానెల్‌ను ఏం చేస్తుంది? తోసేస్తుందని చాలామంది అనుకుంటారు. దానికన్నా ప్రమాదం అది కిందికి దూరి పైకి ఎత్తడం. ఈదురుగాలికి గొడుగు తిరగబడేది ఇలాగే. 180 కిలోమీటర్ల వేగం దగ్గర గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 1500 న్యూటన్లు, మన భాషలో 150 కిలోల పైన. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న 550 వాట్ల ప్యానెల్ వైశాల్యం రెండున్నర చదరపు మీటర్ల పైచిలుకు, బరువు 28 కిలోల చుట్టుపక్కల. ఆ ఒత్తిడి పూర్తిగా పనిచేస్తే ఒక్కో ప్యానెల్ మీద దాదాపు 390 కిలోల బలం పడుతుంది. దాన్ని ఆపడానికి ప్యానెల్ సొంత బరువు ఏ మూలకూ రాదు. ఆరు ప్యానెళ్లు, అంటే 3.3 కిలోవాట్ల మామూలు ఇంటి ప్లాంటుకు, ఇది రెండు టన్నులు దాటుతుంది. ఇందులో నిజంగా ఎంత భాగం పైకెత్తే బలం అవుతుందో ప్యానెల్ వాలు, ఎత్తు, డాబా అంచుకు ఎంత దగ్గరలో ఉంది, పిట్టగోడ ఎంత ఎత్తు అన్నవాటిని బట్టి మారుతుంది. సగమే అనుకున్నా టన్ను పైమాటే.

కొటేషన్లలో తరచూ కనిపించే మాట ‘గంటకు 150 కిలోమీటర్ల గాలికి డిజైన్ చేయబడింది’. వినడానికి ధీమాగానే ఉంటుంది. 150కి చేసింది 180 ఎదుర్కోవాలంటే 44 శాతం అదనపు బలం తట్టుకోవాలి. పుదుచ్చేరిలో 180 అడగండి. పైగా 2015లో సవరించిన ఆ ప్రమాణం తూర్పు తీరంలో 60 కిలోమీటర్ల మేర తుపాను ప్రాంతానికి ప్రాముఖ్య గుణకం అని ఒకటి చేర్చింది. ఆస్పత్రులు, తుపాను తర్వాత తప్పక పనిచేయాల్సిన కట్టడాలకు ఇది 1.3. మామూలు ఇంటికి 1.0 చాలు. మీరు నడిపేది నర్సింగ్ హోమ్ అయితే ఈ సంగతి ఇంజినీరుతో ప్రత్యేకంగా మాట్లాడండి.

వాలు గురించి ఎక్కువ ఆలోచించనవసరం లేదు. పుదుచ్చేరి అక్షాంశం దాదాపు 12 డిగ్రీలు. దక్షిణం వైపు 10 నుంచి 15 డిగ్రీల వాలు పెడితే చాలు. ఈ రెంటి మధ్య ఏడాది మొత్తంలో కరెంటు తేడా ఒక శాతం కూడా ఉండదు. గాలికి మాత్రం తేడా బాగా తెలుస్తుంది: వాలు పెరిగేకొద్దీ ప్యానెల్ వెనక భాగం గాలికి ఎక్కువగా దొరుకుతుంది. నా మాట వింటే 10 డిగ్రీలు పెట్టించండి. వానకు దుమ్ము జారిపోవడానికి అంత వాలు సరిపోతుంది. ‘25 డిగ్రీలు పెడితే ఎక్కువ యూనిట్లు’ అని చెప్పేవాడు ఏ ఉత్తరాది కేటలాగో చూసి చెబుతున్నాడు.

మీ కప్పు ఏ రకం?

ముత్యాలపేట, లాస్‌పేట, రెయిన్‌బో నగర్ లాంటి చోట్ల ఎక్కువ ఇళ్లకు కాంక్రీటు స్లాబే ఉంటుంది. అది గట్టిదే. అయితే డాబా ఎక్కగానే కాలికి తగిలేది ఆ స్లాబు కాదు. స్లాబు మీద ఇటుక జెల్లీ, సున్నం కలిపి కొట్టిన పొర ఒకటి, దాని మీద ఎర్ర పలక టైల్స్ వేసే అలవాటు ఈ ప్రాంతంలో ఉంది. ఎండ వేడి కిందికి దిగకుండా, నీళ్లు తూము వైపు వాలేలా ఆ పొర పనిచేస్తుంది. మందం మూడు నాలుగు అంగుళాలు ఉండొచ్చు. ఇప్పుడు ఆలోచించండి: నాలుగు అంగుళాల యాంకర్ బోల్టు తెచ్చి టైల్స్ మీంచి బిగించారు. బోల్టు బిగిసినట్టే ఉంటుంది, చేత్తో లాగితే కదలదు. కానీ అది పట్టుకున్నది సున్నాన్నీ ఇటుక ముక్కలనీ. అసలు కాంక్రీటును అది ముట్టుకోనే లేదు. తుపాను లాగే లాగుడుకు అది పెచ్చుతో సహా పైకి వస్తుంది.

కాబట్టి స్టాండు కాలు పెట్టే ప్రతి చోటా ఆ పై పొరను చిన్న గుంటగా తీసి, స్లాబు కాంక్రీటు కనిపించేలా చేయమనండి. అక్కడ స్లాబులోకి కెమికల్ యాంకర్ దింపి, దాని చుట్టూ కాంక్రీటు దిమ్మ పోసి, దిమ్మ అంచుల వెంట వాటర్‌ప్రూఫింగ్ చేయాలి. యాంకర్ ఎంత లోతు దిగాలో దాన్ని తయారుచేసిన కంపెనీ పట్టికలోనే ఉంటుంది. ఈ పనికి ఒకరోజు ఎక్కువ పడుతుంది, కూలి ఎక్కువవుతుంది. వెండర్ గునుస్తాడు. గునిస్తే గుననివ్వండి, ఇక్కడ మాత్రం తగ్గకండి.

కొందరు ‘డాబాకు బెజ్జమే వేయం సార్, దిమ్మల బరువుతోనే నిలబెడతాం’ అంటారు. డాబా కారుతుందన్న భయం మనందరికీ ఉంది కాబట్టి ఆ మాట చెవికి ఇంపుగా ఉంటుంది. పైన చెప్పిన లెక్క గుర్తు తెచ్చుకోండి: ఆరు ప్యానెళ్లను ఆపడానికి టన్ను పైన బరువు కావాలి. కాంక్రీటు ఘనపు మీటరు సుమారు 2400 కిలోలు తూగుతుంది, కాబట్టి టన్ను దాటాలంటే అర ఘనపు మీటరు దాకా పోయాలి. వాళ్లు తెచ్చే అడుగు చదరం దిమ్మలు నాలుగో ఆరో దానికి చాలవు. డాబా అంతటా బరువు సమంగా పరిచి, దిమ్మలను ఒకదానికొకటి కలిపి కట్టే బల్లాస్ట్ పద్ధతి పెద్ద భవనాల మీద లెక్క ప్రకారం చేస్తే పనిచేస్తుంది. చిన్న ఇంటి మీద, ఈ తీరంలో, నేను దానికి ఓటు వేయను. టైల్స్ మీద ఊరికే పోసిన దిమ్మ కూడా బల్లాస్టేనని మరవకండి. స్లాబుతో దానికి బంధం లేదు.

బెజ్జం వేసే ముందు మరొకటి చూడాలి. డాబా కింద ఉన్న గదిలోకి వెళ్లి సీలింగ్ వైపు చూడండి. పెచ్చులు ఊడాయా? గోధుమ రంగు గీతలు ఊచల వెంట కనిపిస్తున్నాయా? సముద్రానికి దగ్గరి ఇళ్లలో స్లాబు లోపలి ఊచలు తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీటును పగలగొట్టడం మామూలే. అలా ఉంటే సోలార్ ఆపి ముందు స్లాబు బాగు చేయించండి. పై అంతస్తు కోసం వదిలిన పిల్లరు ఊచలకు స్టాండును వెల్డింగ్ చేసేయడం కూడా చూస్తుంటాం. ఏళ్లుగా ఉప్పుగాలికి వదిలేసిన ఊచలో ఎంత ఇనుము మిగిలిందో ఎవరూ చెప్పలేరు. ఆ అంతస్తు కట్టాల్సివస్తే స్టాండు విప్పడం ఎలాగో కూడా అప్పుడు ఎవరూ ఆలోచించి ఉండరు.

వైట్ టౌన్‌లోనూ, కాలువకు పడమటి పాత వీధుల్లోనూ కథ వేరు. అక్కడి పాత ఇళ్లకు మద్రాసు టెర్రస్: టేకు దూలాలు, వాటి మీద అంచున నిలబెట్టి సున్నంతో పేర్చిన ఇటుకలు, పైన మళ్లీ సున్నపు పొర. నూరేళ్లు నిలిచిన కప్పే, కానీ దానికి యాంకర్ పట్టదు, టన్నుల దిమ్మలను అది మోయదు. దూలం చివర గోడలోకి వెళ్లేచోట చెమ్మకు పుచ్చిపోయి ఉంటే పైనుంచి చూస్తే తెలియదు. 1870ల మొదట్లో కట్టిన మేరీ భవనం, బీచ్ రోడ్డు మీది ఆ పాత పురపాలక కార్యాలయం, 2014 నవంబరు చివర్లో వానల్లో కూలిపోయిన సంగతి ఊరంతటికీ తెలుసు. దాన్ని తర్వాత అదే రూపంలో మళ్లీ కట్టారు. మీ ఇల్లు కూలితే ఎవరూ కట్టివ్వరు.

అలాంటి ఇంట్లో ఉన్న దారులు తక్కువ. పెరటి వైపు తర్వాత కట్టిన కాంక్రీటు భాగం ఉంటే ప్యానెళ్లు అక్కడికే పరిమితం చేయండి, రెండు కిలోవాట్లే పట్టినా సరే. లేదంటే బరువంతా మందపాటి గోడల మీద పడేలా గోడ నుంచి గోడకు స్టీలు దూలాలు వేసి వాటి మీద పెట్టొచ్చు. అది పాత కట్టడాల అనుభవం ఉన్న స్ట్రక్చరల్ ఇంజినీరు చేతి పని. ఇల్లు వారసత్వ జాబితాలో ఉందేమో పుదుచ్చేరి ప్లానింగ్ అథారిటీలో ముందే కనుక్కోండి, వీధిలోంచి కనిపించేలా పెడితే అభ్యంతరం రావచ్చు. ఈ రెండు దారులూ లేకపోతే ఆ ఇంటికి సోలార్ వద్దనుకోవడమే తెలివైన నిర్ణయం.

మంగుళూరు పెంకుల వాలు కప్పు ఉంటే హుక్కులు పెంకు కిందుగా వచ్చి వాసాలకు బిగియాలి. పెంకులు మోసే రీపర్లకు బిగిస్తే లాభం లేదు. సేదరాపేట, మెట్టుపాళయం వైపు షెడ్లున్నవాళ్లకు ఒక్కమాట: రేకుకు బిగించే ప్రతి స్క్రూ కింద ఉన్న పర్లిన్‌ను పట్టుకోవాలి, రబ్బరు వాషర్ ఈపీడీఎం అయి ఉండాలి. ఆస్బెస్టాస్ రేకుల మీద అసలు పెట్టకండి.

తుప్పు

ఇక ఈ ఊరి అసలు శత్రువు దగ్గరికి వద్దాం. తుపాను ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఉప్పుగాలి రోజూ మధ్యాహ్నం వస్తుంది.

‘జీఐ’ అనే రెండక్షరాల చాటున రెండు వేరు వేరు సరుకులు అమ్ముతారు. ఒకటి ప్రీ-గాల్వనైజ్డ్: ఫ్యాక్టరీలో రేకు చుట్టకే పలుచగా జింకు పూత వేసి, తర్వాత దాన్ని కోసి, వంచి, బెజ్జాలు వేస్తారు. పూత చదరపు మీటరుకు 275 గ్రాముల రకమైతే ఒక్కో వైపు 20 మైక్రాన్లు, 120 గ్రాముల రకమైతే తొమ్మిది కూడా ఉండదు. కోసిన అంచుల దగ్గర అసలు పూతే లేదు. రెండోది హాట్ డిప్: ముక్కను ముందే కోసి, బెజ్జాలు వేసి, ఆ తర్వాత కరిగిన జింకులో ముంచి తీస్తారు. 80 మైక్రాన్ల దాకా పూత పట్టేది దీనికే, అంచులకూ బెజ్జాల లోపలికీ కూడా. కొత్తగా చూస్తే ప్రీ-గాల్వనైజ్డే నున్నగా, మెరుస్తూ బాగుంటుంది. హాట్ డిప్ బూడిద రంగులో గరుకుగా, అక్కడక్కడ కారిన బొట్లతో ఉంటుంది. అందం చూసి ఎంచుకుంటే నష్టపోతారు.

ఈ మైక్రాన్లు ఎన్నేళ్లు వస్తాయి? ఐఎస్ఓ 9223 అనే అంతర్జాతీయ ప్రమాణం వాతావరణాన్ని తుప్పు తీవ్రతను బట్టి తరగతులు చేసింది. సముద్రపు ఉప్పు బాగా పడే సి5 తరగతిలో జింకు ఏడాదికి 4.2 నుంచి 8.4 మైక్రాన్లు అరుగుతుంది. దానికన్నా ఒక మెట్టు తక్కువైన సి4లో 2.1 నుంచి 4.2. బీచ్ రోడ్డు, కురుసుకుప్పం, వైత్తికుప్పం వైపు మేడలను సి5గా లెక్కేసుకోవడం క్షేమం. ఉప్పు తీవ్రత ఒడ్డు నుంచి మొదటి కొన్ని వందల మీటర్లలోనే బాగా తగ్గిపోతుంది, కాబట్టి సముద్రానికి సుమారు కిలోమీటరు దూరంలో ఉన్న అన్నా సాలై దాటాక కాస్త నయం. ఇప్పుడు భాగహారం మీరే చేయండి. 20 మైక్రాన్ల పూత ఒడ్డున రెండున్నర నుంచి ఐదేళ్లలోపు అయిపోతుంది. 80 మైక్రాన్లది తొమ్మిదిన్నర నుంచి పందొమ్మిదేళ్లు. పాతికేళ్ల వారంటీ ఉన్న ప్యానెల్ కింద ఐదేళ్ల కాళ్లు పెట్టే బేరం ఎవరికి లాభమో చెప్పక్కర్లేదు.

ఒడ్డున 80 మైక్రాన్లు కూడా పాతికేళ్లకు చాలవని ఇదే లెక్క చెబుతోంది. అక్కడ రెండు మార్గాలున్నాయి: హాట్ డిప్ మీద ఎపాక్సీ పెయింటు వేయించి పదేళ్లకోసారి మళ్లీ వేయించడం, లేదా అల్యూమినియం స్ట్రక్చర్. ఒడ్డు నుంచి మూడు నాలుగు వీధుల లోపల ఉండి, ప్యానెళ్లు డాబాకు దగ్గరగా తక్కువ ఎత్తులో పెట్టించుకుంటే నేను అల్యూమినియం వైపే మొగ్గుతాను. ఖర్చు ఎక్కువ, కానీ పదేళ్ల తర్వాత డాబా మీద బ్రష్షు పట్టుకుని కూర్చునే మనిషి దొరకాలి కదా. అనొడైజ్ చేసిన 6063-టీ6 లేదా 6005 మిశ్రలోహం అడగండి. అల్యూమినియం వేడికి ఇనుము కన్నా ఎక్కువ సాగుతుంది. ఆరు మీటర్ల పట్టీ 40 డిగ్రీల తేడాకు ఐదారు మిల్లీమీటర్లు పెరుగుతుంది, అందుకే రెండు పట్టీల మధ్య ఖాళీ వదలాలి. మనిషి ఎత్తు పైన కట్టే స్టాండ్లకు మాత్రం స్టీలే నయం.

పూత ఎంత మంచిదైనా డాబా మీద ఇద్దరు మనుషులు గ్రైండరుతో దాన్ని పాడు చేయగలరు. కొలత తప్పిందని హాట్ డిప్ ముక్కను అక్కడే కోస్తారు, కొత్త బెజ్జం వేస్తారు, ఇంకా ఘోరం, వెల్డింగ్ చేస్తారు. వెల్డింగ్ వేడికి చుట్టూ జింకు కాలిపోతుంది. తర్వాత పైన వెండి రంగు స్ప్రే కొడతారు, ఫొటోలో తేడా తెలియదు. సైటులో వెల్డింగ్ ఉండకూడదని ముందే రాయించండి. కోత తప్పకపోతే జింకు శాతం ఎక్కువున్న జింక్-రిచ్ పెయింటు రెండు పూతలు వేయాలి.

వీధి చివరి వెల్డింగ్ షాపులో చదరపు పైపుతో స్టాండు చేయించి రెడ్ ఆక్సైడ్ కొట్టించడం ఇక్కడ అలవాటు. చూడ్డానికి దిట్టంగా ఉంటుంది. ఉప్పు తేమ పైపు లోపలికి చేరి, బయటికి కనిపించకుండా లోపలి నుంచి తినేస్తుంది. బయట రంగు చెక్కుచెదరకుండా ఉండగానే వేలితో పొడిస్తే లోపలికి దిగే పైపులు ఉంటాయి. పైపే కావాలంటే, లోపలికీ జింకు వెళ్లేలా బెజ్జాలు వేసి హాట్ డిప్ చేయించాలి, చివరలకు మూతలు పెట్టాలి. సీ-ఛానెల్ అయితే ఏ మూలా దాగదు, మీ కంటికే కనిపిస్తుంది.

బోల్టుల దగ్గర పీనాసితనం చూపకండి. ఎస్ఎస్ 304 కనీసం, ఒడ్డున ఎస్ఎస్ 316. అందులో మాలిబ్డినం కలుస్తుంది, ఉప్పుకు గుంటలు పడకుండా అదే కాపాడుతుంది. అల్యూమినియం ఫ్రేమును మామూలు ఇనుప బోల్టుతో బిగిస్తే బోల్టు తుప్పు పడుతుంది, ఆ రెంటి కలయిక వల్ల అల్యూమినియం కూడా బూజు పట్టినట్టు తెల్లగా పొడి రాలుతుంది. అల్యూమినియం, స్టీలు ఆనుకునే చోట రబ్బరు పొర పెట్టమనండి.

ప్యానెల్‌ను పట్టుకునే క్లాంపులు ఎక్కడ బిగించాలో ప్యానెల్ కంపెనీ ఇచ్చే మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటుంది. ఎక్కువ ప్యానెళ్లు వెనక వైపు 2400 పాస్కల్స్ ఒత్తిడికి పరీక్షించబడి వస్తాయి, మన 1500 కన్నా అది ఎక్కువే. కానీ ఆ హామీ మాన్యువల్‌లో చూపిన చోట బిగిస్తేనే. పట్టీల దూరం కుదరలేదని మూలల్లో బిగిస్తే వారంటీ అక్కడితో సరి.

ఎత్తైన స్టాండు కావాలా?

డాబా మీద బట్టలు ఆరేయాలి, అప్పడాలు వడియాలు పెట్టుకోవాలి, సాయంత్రం గాలికి కూర్చోవాలి. కాబట్టి ఏడెనిమిది అడుగుల ఎత్తున పెట్టమని ఇంట్లో అంటారు. తప్పేం లేదు, పైగా నీడ. కానీ ఎత్తు పెరిగితే పిట్టగోడ చాటు పోతుంది, కాళ్ల మొదట్లో గాలి తిప్పుడు బలం పెరుగుతుంది. అలాంటిది కావాలంటే కాళ్లు కింది అంతస్తు పిల్లర్లు, బీముల మీదికి రావాలి, కాళ్ల మధ్య అడ్డంగా వాలు బ్రేసింగ్ ఉండాలి, ఇంజినీరు సంతకం చేసిన డ్రాయింగు ఉండాలి. పిట్టగోడకు బిగించిన కాలును ఒప్పుకోకండి. అది ఇటుక గోడ. నాలుగు సన్నని గొట్టాలు నిలబెట్టి పైన పలకలు పరిచే పని కన్నా డాబాకు ఒక అడుగు ఎత్తులో పెట్టుకుని, వడియాలు వేరే చోట ఎండబెట్టుకోవడం మేలు. తక్కువ ఎత్తులో పెట్టినా దిమ్మలు నీళ్ల దారికి అడ్డం రాకుండా చూడండి. ఫెంగల్ లాంటి వాన వస్తే తూముకు చేరని నీళ్లన్నీ స్లాబులోకే వెళ్తాయి.

ఎలా అడగాలి

సంభాషణ దాదాపు ఇలా నడుస్తుంది. తమిళంలో నడిచినా తెలుగులో నడిచినా సారం ఒకటే.

“బాబూ, ఈ జీఐ అన్నది హాట్ డిప్పా, ప్రీ-గాల్వనైజ్డా?”

“రెండూ ఒకటే సార్. మా స్ట్రక్చర్ తుప్పు పట్టదు.”

“అయితే మంచిదే. ఎన్ని మైక్రాన్లో కొటేషన్‌లో రాసివ్వండి.”

“అది కంపెనీ స్టాండర్డ్ సార్, రాయనక్కర్లేదు.”

“రాస్తేనే అడ్వాన్సు ఇస్తాను బాబూ. రాయలేకపోతే చెప్పేయండి, ఏమీ అనుకోను.”

ఇందులో కోపం లేదు, వాదన లేదు, మీ తెలివి చూపించుకోవడమూ లేదు. ‘రాసివ్వండి’ అనే ఒక్క మాట మీద నిలబడటం ఉంది. నోటిమాట ఎంత ధాటిగా ఉన్నా, కాగితం మీదికి వచ్చేసరికి చాలా సంగతులు తేలతాయి.

కాగితం మీద రాయించుకోవాల్సినవి: డిజైన్ గాలి వేగం, పూత మైక్రాన్లు, ముక్కల మందం మిల్లీమీటర్లలో, బోల్టుల గ్రేడు, స్టీలు మొత్తం బరువు కిలోల్లో. చివరిది చాలామంది అడగరు. రెండు కొటేషన్లలో ఒకే సైజు ప్లాంటుకు ఒకడు రాసిన బరువు రెండోవాడి దాంట్లో మూడింట రెండు వంతులే ఉంటే, ధర తేడా ఎక్కడి నుంచి వచ్చిందో మీకు ఇట్టే తెలిసిపోతుంది. సరుకు దిగాక పూత మందం కొలిచే చిన్న మీటరుతో నాలుగైదు చోట్ల చూపించమనండి. హాట్ డిప్ చేసిన ఫ్యాక్టరీ టెస్ట్ సర్టిఫికెట్ అడగండి. డబ్బులో కొంత చివరి వాయిదాగా అట్టే పెట్టుకుని, ఇవన్నీ సరిపోయాకే ఇవ్వండి.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లు, ఆపైన ఇంటి ప్లాంటుకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. ఐదేళ్ల నిర్వహణ బాధ్యత వెండర్‌దే. ఆ ఐదేళ్లలో స్ట్రక్చర్ కూడా ఉందని ఒప్పందంలో విడిగా రాయించండి. సబ్సిడీ డబ్బులో కొంతైనా మంచి స్ట్రక్చర్‌కు కేటాయిస్తే ఆ పథకం మీకు నిజంగా ఉపయోగపడినట్టు.

పెట్టించాక ఏటా రెండుసార్లు చూసుకోవాలి: ఈశాన్య రుతుపవనాలకు ముందు సెప్టెంబరులో ఒకసారి, వానలు వెళ్లాక జనవరిలో ఒకసారి. బోల్టులు వదులయ్యాయా, దిమ్మల మొదట్లో పగుళ్లున్నాయా, ఎక్కడైనా ఎర్ర మరక కనిపిస్తోందా చూడండి. ప్యానెళ్ల పైభాగాన్ని వాన కడుగుతుంది. కింది వైపు క్లాంపులకు, బోల్టులకు వాన తగలదు, వాటి మీద పడిన ఉప్పు అలాగే పేరుకుంటుంది, తుప్పు మొదలయ్యేదీ అక్కడే. ఇన్వర్టర్ ఆపి, నెలకోసారి కింది నుంచి మంచినీళ్లతో ఆ ఇనుమును కడిగించండి. ఒడ్డు దగ్గరి బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, వాటిని మాత్రం వాడకండి. కుళాయి నీళ్లే పట్టండి.